ఈ ఏడాది చదివినవీ, చూసినవీ... మధ్యలో మన పనీ

ఏడాది తిరిగేసరికి చదివిన పుస్తకాలూ, చూసిన సినిమాలూ ఒకసారి లెక్కేసుకోవడం నాకు అలవాటు. అంకెలు చెప్తే గొప్పగా ఏమీ ఉండవు లెండి. మొదలుపెట్టిన పుస్తకాలు బోలెడు, ఆఖరి పేజీ దాకా వెళ్ళినవి కొన్నే. సినిమాలంటారా, ఓటీటీల పుణ్యమా అని చూసినవి ఎక్కువ, గుర్తున్నవి తక్కువ. అందుకని ఈసారి "ఎన్ని" అన్నది పక్కన పెట్టి వేరే పరీక్ష పెట్టాను. చూసిన రెండు మూడు నెలల తర్వాత, మీటింగులో ఎవరో స్లైడ్లు తిప్పుతుంటేనో, ట్రాఫిక్‌లో బండి ఆగిపోతేనో, ఉన్నట్టుండి ఏ సన్నివేశం గుర్తొచ్చింది? ఏ పేజీ గుర్తొచ్చింది?

ఆ జల్లెడలో మిగిలినవి మూడు పుస్తకాలు, నాలుగు సినిమాలు. ఏవీ నిన్నా మొన్నా వచ్చినవి కావు, నేను వాటి దగ్గరికి వెళ్ళిందే ఇప్పుడు. భాషలు వేరు, దేశాలు వేరు, కాలాలు వేరు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క విషయం మాత్రం కొట్టొచ్చినట్టు కనపడింది. వీటిల్లో మనుషులు పని చేస్తూ ఉంటారు. "ఇతగాడికి ఫలానా ఉద్యోగం" అని ఒక డైలాగులో చెప్పేసి వదిలెయ్యడం కాదు, నిజంగా పని చేస్తూ కనపడతారు. ఆ పని ఎలా చేస్తారో, ఎక్కడ చెయ్యి నొప్పి పుడుతుందో, ఎక్కడ మనసు నిండుతుందో మనకి తెలుస్తుంది.

అది గమనించాక ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. మరి మన పని ఎక్కడ? దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు పుస్తకాలు.

మొదటిది "ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషీన్". ట్రేసీ కిడర్ రాసిన ఈ పుస్తకం 1981లో వచ్చింది, 1982లో పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. అమెరికాలోని మాసచూసెట్స్‌లో డేటా జనరల్ అని ఒక కంప్యూటర్ కంపెనీ ఉండేది. పోటీ కంపెనీ డెక్ వాళ్ళు "వాక్స్" అనే 32 బిట్ మెషీన్ తెచ్చి మార్కెట్ అంతా ఊడ్చేస్తున్న రోజులు. డేటా జనరల్‌లో దానికి జవాబు తయారుచేసే పెద్ద ప్రాజెక్టు నార్త్ కరొలైనాలో ఉన్న వేరే టీముకి వెళ్ళిపోయింది. ఇక్కడ మిగిలిపోయినవాళ్ళు టామ్ వెస్ట్ అనే మేనేజరు కింద, అప్పుడే కాలేజీల్లోంచి బయటికొచ్చిన కుర్రాళ్ళని పోగేసి, తామే ఒక మెషీన్ కడతామని బయల్దేరారు. హార్డ్‌వేర్ వాళ్ళ ముద్దుపేరు హార్డీ బాయ్స్, మైక్రోకోడ్ రాసేవాళ్ళ పేరు మైక్రోకిడ్స్. చివరికి అది 1980లో ఎక్లిప్స్ ఎంవీ/8000 అన్న పేరుతో బయటికొచ్చింది.

ఇందులో హత్యలు లేవు, ప్రేమకథ లేదు. ఉన్నదల్లా డీబగ్గింగ్! ఎప్పుడో ఒకసారి మాత్రమే కనపడే తప్పు కోసం రాత్రిళ్ళు లాజిక్ అనలైజర్ ముందు కూర్చునే కుర్రాళ్ళ గురించి చదువుతుంటే, డిటెక్టివ్ నవలలో కూడా లేని ఉత్కంఠ. మనం చేసే పనిని ఇంత ఆసక్తిగా చెప్పొచ్చా అని ఆశ్చర్యం వేసింది. పైగా కిడర్ ఇంజనీరు కాదు, విలేఖరి. పక్కన కూర్చుని, అర్థమయ్యేదాకా అడిగి రాశాడు.

అలాగని పని గొప్పదనం ఒక్కటే రాసి ఊరుకోలేదు. ఆ కుర్రాళ్ళు ఎన్ని గంటలు ధారపోశారో, ఎవరికీ బలవంతం లేకుండానే అందరూ ఎలా ఇరుక్కుపోయారో కూడా రాశాడు. నానోసెకండ్ల లెక్కలతో విసిగిపోయి ఒకతను ఉద్యోగం వదిలేసి పల్లెబాట పడతాడు. బాగా ఆడినందుకు బహుమతి ఇంకో ఆట ఆడనివ్వడమే అనే పిన్‌బాల్ పోలిక ఒకటి వస్తుంది. ఒక రిలీజ్ అయిపోయిన మర్నాడే తర్వాతి రిలీజ్ ప్లానింగుకి పిలుపొచ్చిన ఎవరికైనా ఇది వేరే విడమర్చి చెప్పక్కర్లేదు.

అన్నట్టు, డేటా జనరల్ ఇప్పుడు లేదు. 1999లో ఈఎంసీ కొనేసింది. ఆ మెషీన్లూ వాడకంలోంచి పోయాయి. ఆ కుర్రాళ్ళు ఎలా పనిచేశారన్నది మాత్రం నలభై ఏళ్ళ తర్వాత ఇక్కడ కూర్చున్న నాకు తెలిసింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

రెండోది డాక్టర్ కేశవరెడ్డి "అతడు అడవిని జయించాడు". కేశవరెడ్డి గారిది చిత్తూరు జిల్లా. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ నవలలు రాశారు. 2015లో పోయారు. కథ చెప్పాలంటే ఒక్క వాక్యం: పందులు కాసే ఒక ముసలాయన, తప్పిపోయిన సూడిపంది కోసం అడవిలోకి వెళ్తాడు. అంతే. ఆయనకి పేరు కూడా ఉండదు.

కానీ ఆ ముసలాయన అడవిని చదివే తీరు చూడాలి. నేల మీద జాడ, గాలి వచ్చే దిక్కు, చీకట్లో చప్పుడు... ప్రతిదాని నుంచీ ఏదో ఒకటి గ్రహిస్తాడు. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే మన సీనియర్ ఒకాయన లాగ్స్ చూస్తూ "ఇది డేటాబేస్ కాదు, దాని ముందు ఇంకేదో జరిగింది" అంటాడు చూడండి, అచ్చంగా అలా. బడి మొహం చూడని మనిషిలో ఎంత జ్ఞానం ఉంటుందో రచయిత ఎక్కడా ఉపన్యాసం ఇవ్వడు. పని చూపిస్తాడు, మనకే తెలిసిపోతుంది. ముగింపు చెప్పను గానీ, ఒక పట్టాన వదలదు.

మూడోదాన్ని పుస్తకం అనకూడదేమో, పెద్ద కథ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "వడ్లగింజలు". శంకరప్ప అనే పేద కుర్రాడు, చదరంగంలో ఆరితేరినవాడు. పెద్దాపురం ప్రభువు దగ్గర తన విద్య చూపించుకోవాలని అతని తాపత్రయం. విద్య ఉంటే చాలదుగా, మధ్యలో ఉన్నవాళ్ళు దారివ్వాలి! ఆ అవమానాలూ, ఆ పట్టుదలా, ఆ తర్వాత ఆట. శ్రీపాద వారి సంభాషణల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, గోదావరి జిల్లా గొంతులు చెవిలో వినపడతాయి.

మన జాతివాళ్ళకి ఇందులో ఇంకో సరదా ఉంది. చదరంగం బల్ల మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు... అలా 64 గళ్ళకీ రెట్టింపు చేసుకుంటూ పోయే లెక్క. మొత్తం కూడితే 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. అంటే 64 బిట్ అన్‌సైన్డ్ ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య. ఒక్క గింజ ఎక్కువైతే ఓవర్‌ఫ్లో! కంప్యూటర్ వాసన ఎరగని కాలపు కథలో మన ఇంటీజర్ పరిమితి కనపడితే నవ్వొచ్చింది. :) లెక్క సంగతి అలా ఉంచితే, తన విద్య మీద తనకున్న నమ్మకమే ఆస్తిగా తిరిగే కుర్రాడి కథ ఇది. ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలకి తిరిగినవాళ్ళు చదవాల్సిన కథ.

ఇక సినిమాలు.

"పర్ఫెక్ట్ డేస్" (2023). తీసింది జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్, సినిమా మాత్రం జపనీస్. హీరో హిరయామా టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడుగుతాడు. ఆ పాత్ర వేసిన కోజీ యకుషోకి ఆ ఏడాది కాన్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. పొద్దున్నే లేవడం, మెషీన్‌లోంచి కాఫీ డబ్బా తీసుకోవడం, వ్యాన్‌లో క్యాసెట్ పాటలు, కడగడం, మధ్యాహ్నం చెట్టుకింద తిండి, రాత్రి పడుకునే ముందు పుస్తకం. మర్నాడు మళ్ళీ అదే. కంటికి కనపడని అంచుల కింద కూడా చిన్న అద్దం పెట్టి చూసుకుని మరీ తుడుస్తాడు. పక్కన పనిచేసే కుర్రాడికేమో ఇదంతా చాదస్తం.

ఈ సినిమాని "చిన్న జీవితం, పెద్ద ఆనందం" అని తెగ మెచ్చుకున్నారు. నాకు నచ్చింది ఇంకో చోట. ఆ కుర్రాడు ఉన్నట్టుండి పని మానేస్తాడు. ఆ రోజు ఇద్దరి షిఫ్టూ ఈయనే చెయ్యాల్సొస్తుంది. సినిమా మొత్తం మీద నోరు మెదపని మనిషి, ఆ రాత్రి ఆఫీసుకి ఫోన్ చేసి రోజూ ఇలాగైతే నావల్ల కాదని గట్టిగా చెప్తాడు. పని మీద ప్రేమ ఉండటం వేరు, ఆ ప్రేమని అడ్డం పెట్టుకుని ఎవరైనా రెండింతలు పిండుకుంటే ఊరుకోవడం వేరు. ఆ ఒక్క ఫోన్ కాల్ లేకపోతే ఈ సినిమా నాకు ఇంత నచ్చేది కాదు.

"ది గ్రేట్ ఇండియన్ కిచెన్" (2021, మలయాళం). దర్శకుడు జియో బేబీ. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి, అత్తారింటి వంటిల్లు. తరగడం, రుబ్బడం, వండటం, వడ్డించడం, తినేసి వెళ్ళిన బల్ల తుడవడం, గిన్నెలు. మళ్ళీ తరగడం. మావగారికి కుక్కర్లో వండిన అన్నం పనికిరాదు, కట్టెల పొయ్యి మీదే వండాలి. సింక్ కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబర్ని పిలవమని భర్తకి చెప్తుంది, ఆయన మర్చిపోతాడు. మళ్ళీ చెప్తుంది, మళ్ళీ మర్చిపోతాడు. మన భాషలో చెప్పాలంటే, రోజూ ఆ వాసన భరించేది ఒకరు, ఆ టికెట్‌కి ప్రయారిటీ ఇవ్వాల్సింది ఇంకొకరు. సినిమాలో భార్యాభర్తలిద్దరికీ పేర్లు కూడా ఉండవు. ఎందుకో వేరే చెప్పాలా?

ఈ సినిమా చూసినవాళ్ళలో కొంతమంది "అంతా వంటే, బోరు కొట్టింది" అన్నారు. గంటా నలభై నిమిషాలు చూడటానికే బోరు కొడితే జీవితాంతం చేసేవాళ్ళ సంగతేంటి అన్నదే కదా అసలు ప్రశ్న!

"మల్లేశం" (2019). రాజ్ దర్శకత్వం, ప్రియదర్శి మల్లేశంగా వేశాడు. పోచంపల్లి చీరకి రంగులద్దే ముందు దారాన్ని ఆసు పొయ్యాలి. చెయ్యి ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి, ఒక్కో చీరకి వేలసార్లు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆవిడ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. చదువు బడిలోనే ఆగిపోయింది, చేతిలో డబ్బు లేదు, ఊళ్ళో వెక్కిరింతలు. 1999 నాటికి గానీ యంత్రం పూర్తవలేదు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న మనలాంటివాళ్ళు ఈ సినిమా చూస్తూ కాస్త సర్దుకుని కూర్చోవాలి. అంతా సిద్ధంగా ఉండి ఆఖరి కదలిక ఒక్కటి కుదరక ఆగిపోవడం, ఎక్కడో వేరే మెషీన్ తిరుగుతుంటే చూసి జవాబు తట్టడం... ఇది మన అందరికీ తెలిసిన అనుభవమే. ఒక తేడా ఏంటంటే, ఆయన యూజర్ ఆయన ఇంట్లోనే ఉంది, ఆవిడ భుజం నొప్పే ఆయన రిక్వైర్‌మెంటు.

ఆఖరిది "ఆఫీస్ స్పేస్" (1999). ఇది కామెడీ. హీరో ఒక కంపెనీలో కూర్చుని వైటూకే కోసం బ్యాంకు సాఫ్ట్‌వేర్ సవరిస్తుంటాడు. ఒక రిపోర్టుకి కవర్ షీట్ పెట్టలేదని ఒక బాసు తర్వాత ఇంకో బాసు వచ్చి అదే మాట చెప్పిపోతుంటారు. తెగ నవ్వుకున్నాను. నవ్వు ఆగాక గుర్తొచ్చింది, ఇది అమెరికా వాళ్ళ కథే కాదు, మన కథ కూడా. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 వచ్చేసరికి ఏమైపోతాయో అని ప్రపంచం కంగారుపడ్డప్పుడే కదా, మనవాళ్ళు కోబాల్ పుస్తకాలు పట్టుకుని విమానాలెక్కింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు గోడలకి చాలకపోయింది. ఎన్నో తెలుగు ఇళ్ళకి డాబా మీద డాబా లేచింది ఆ రెండంకెల వల్లే. అమెరికా వాళ్ళు ఆ పనిలో విసుగుని 1999లోనే సినిమాగా తీసి పెట్టుకున్నారు. ఆ పని చేసిన మన అన్నయ్యలూ, అక్కయ్యలూ, బాబాయిలూ ఏం చేశారో చెప్పే తెలుగు నవల ఒకటి, సినిమా ఒకటి చెప్పమంటే తడుముకోవాలి.

ఇదిగో, ఇప్పుడు అసలు ప్రశ్న దగ్గరికొచ్చాం.

తెలుగు సినిమాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు లేడా అంటే ఉన్నాడు. మెళ్ళో ఐడీ కార్డు, చేతిలో కాఫీ కప్పు, అద్దాల బిల్డింగు. హీరోయిన్ పక్క క్యూబికల్లో ఉంటుంది. టీమ్ లీడ్ ఒక జోకర్. పని మాత్రం ఎవరూ చెయ్యరు. "హ్యాపీ డేస్" (2007) మనలో చాలామందికి ప్రాణం, కానీ కాలేజీ అయిపోవడంతో సినిమా అయిపోతుంది, మన కథేమో అక్కడ మొదలవుతుంది. "మహర్షి" (2019)లో హీరో ఏకంగా అమెరికాలో సీఈఓ, కానీ అసలు కథంతా ఊళ్ళో ఉంది, కంపెనీ అనేది వదిలి రావడానికి పనికొచ్చే చోటు. అదే వంట సంగతి చూడండి. "పెళ్ళిచూపులు" (2016)లో ఫుడ్ ట్రక్, "మిడిల్ క్లాస్ మెలొడీస్" (2020)లో గుంటూరులో హోటల్, బొంబాయి చట్నీ. అక్కడ పని ఉంది, ఆ పనిలో భయం ఉంది, సిగ్గు ఉంది, గెలుపుంది. అందుకే ఆ మనుషులు గుర్తుండిపోయారు.

"మన పనిలో చూపించడానికేముందండీ, కూర్చుని టైపు చెయ్యడమేగా" అని మీరనొచ్చు. గిన్నెలు తోమడంలో ఏముంది మరి? "ది సోషల్ నెట్‌వర్క్" (2010)లో హాస్టల్ గదిలో కుర్రాడు ఫోటోలు లాగడానికి స్క్రిప్టు రాసే సీను గుర్తుందా? డబ్ల్యూగెట్ లాంటి నిజమైన కమాండ్ల పేర్లు చెప్తూనే ఎంత పరుగు పెట్టించారు! కిడర్ ఒక్క బగ్ మీద పేజీలకి పేజీలు చదివించాడు. పని చిన్నదా పెద్దదా అన్నది కాదు, దగ్గరికెళ్ళి చూశారా లేదా అన్నదే లెక్క.

"పొద్దస్తమానం చేసే పనే మళ్ళీ సినిమాలో కూడానా" అనేవాళ్ళూ ఉన్నారు. న్యాయమే. అలిసిపోయి వచ్చినవాడికి వినోదం కావాలి, నాకూ కావాలి, నేనూ ఫైట్లకి ఈలలు వేసినవాణ్ణే. కానీ అస్తమానం అదే అయితే ఒక నష్టం ఉంది.

మన ఇంట్లోవాళ్ళకి మనం ఏం చేస్తామో తెలియదు. మా అమ్మ పక్కింటావిడతో "మావాడు కంప్యూటర్లో చేస్తాడు" అంటుంది. ఏసీలో కూర్చుంటాడు, లక్షలొస్తాయి, ఇంకేం కష్టం అని చుట్టాల నమ్మకం. ఆన్ కాల్‌లో రాత్రి రెండింటికి లేచి, చేతులు వణుకుతుండగా రోల్‌బ్యాక్ చేసిన సంగతి వాళ్ళకెవరు చెప్తారు? 2022లో, 2023లో ప్రపంచమంతా ఐటీ ఉద్యోగాలు పీకేసినప్పుడు, ఆ సంగతి ఇంట్లో చెప్పుకోలేక పొద్దున్నే బ్యాగేసుకుని బయటికొచ్చినవాళ్ళు నాకు తెలుసు. పని గురించే ఎప్పుడూ చెప్పుకోని ఇంట్లో, పని పోయిందని చెప్పుకోవడానికి మాటలెక్కడినుంచి వస్తాయి?

ఇంకోటి. మన పని ఇప్పుడు చేస్తున్న పద్ధతిలోనే ఇంకెన్నాళ్ళుంటుందో! ఏఐ కోడ్ రాసేస్తోంది, టెస్టులు రాసేస్తోంది. మంచిదే, ఆసు యంత్రం వచ్చాక చేత్తో ఆసు పొయ్యమని ఎవరంటారు? కానీ చేత్తో ఆసు పోసిన తల్లి భుజం "మల్లేశం"లో మిగిలింది. డేటా జనరల్ కుర్రాళ్ళ రాత్రిళ్ళు కిడర్ పుస్తకంలో మిగిలాయి. రెండు తరాల తెలుగువాళ్ళకి తిండి పెట్టి, ఊళ్ళు మార్చి, పెళ్ళిసంబంధాలు మార్చి, అప్పులు తీర్చి, కొత్త అప్పులు చేయించిన ఈ పని దేంట్లో మిగులుతుంది? ఐడీ కార్డులోనా?

తప్పంతా సినిమావాళ్ళ మీద తోసెయ్యడం నాకిష్టం లేదు. వాళ్ళకి తెలిసింది వాళ్ళు తీస్తారు. శ్రీపాద వారికి గోదావరి మనుషులు తెలుసు, కేశవరెడ్డి గారికి ఆ అడవీ ఆ ముసలాయనా తెలుసు. ఈ పని లోపలినుంచి తెలిసింది మనకి. డిజైన్ డాక్యుమెంట్లు రాస్తాం, మెయిళ్ళు రాస్తాం, ఏదైనా పడిపోతే నిమిషాలతో సహా ఏం జరిగిందో రిపోర్టు రాస్తాం. అందులో మనుషుల్ని తీసేసి రాస్తాం, అంతే తేడా. ఆ మనుషుల్ని మళ్ళీ లోపల పెట్టి, తెలుగులో, అమ్మకి అర్థమయ్యేలా రాస్తే అదే కథ. గొప్పగా ఉండక్కర్లేదు. ఒక డిప్లాయ్‌మెంట్ రాత్రి, ఒక బెంచ్ రోజు, క్లయింట్ ముందు మాట తడబడిన ఒక కాల్, ఒక ఆఖరి పనిదినం... ఏదో ఒకటి, రెండు పేజీలు.

పై ఏడింట్లో ఒక్కటే చూడగలను, చదవగలను అంటే ముందు "అతడు అడవిని జయించాడు" చదవండి, చిన్న పుస్తకం, ఒక్క శనివారం చాలు. సినిమా అయితే "మల్లేశం", ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చు. చూశాక అమ్మ "నువ్వేం చేస్తావురా అసలు ఆఫీసులో?" అని అడిగితే మాత్రం "నీకర్థం కాదులే అమ్మా" అని తప్పించుకోకండి. అర్థమయ్యేలా చెప్పడానికి ఓ పది నిమిషాలు ప్రయత్నించండి. నేను మొదలుపెట్టాను. లోడ్ బ్యాలెన్సర్ అంటే ఏంటో పెళ్ళి భోజనాల దగ్గర వడ్డన బంతులతో పోల్చి చెప్తే మా అమ్మకి టక్కున అర్థమైపోయింది, పైగా "మరి కూర అయిపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. మా డిజైన్ రివ్యూలో ఎవరూ అడగని ప్రశ్న అది.

వచ్చే ఏడాది జాబితాలో మనవాళ్ళెవరో మన పని గురించి రాసిన తెలుగు పుస్తకం ఒక్కటైనా ఉండాలని నా కోరిక. మీకు ముందు దొరికితే నాకు చెప్పండి, లేదంటే మీరే రాయండి.